వద్దనే హక్కు

కిందటేడు దసరాకి ఊరికి పోయాను. మాది ఆర్మూర్ పక్కన పెర్కిట్. రాత్రి అన్నాలయ్యాక టీవీలో ప్రో కబడ్డీ నడుస్తోంది. తెలుగు టైటాన్స్ మ్యాచ్ కూడా కాదు, వేరే ఏవో రెండు జట్లు. మా పెద్దబాపు మంచం మీద ఒరిగి చూస్తున్నాడు. కాసేపటికి నా వైపు తిరిగి, "ఏం రా, నెల దాటె, గీ ఆట ఒడుస్తనే లేదు. ఎన్ని టీములున్నయి ఇండ్ల?" అన్నాడు.

పన్నెండు అన్నాను.

"సురువుల ఎన్మిదే ఉండె గద. నాలుగు ఎందుకు పెంచిండ్రు?"

"ఎందుకేంది పెద్దబాపూ, పైసలకే. టీములు పెరిగితే మ్యాచులు పెరుగుతయి, మ్యాచులు పెరిగితే టీవీ వాళ్లు ఎక్కువ ఇస్తరు."

"గట్లెట్లయితది? మేం పసుపు ఎక్కువ పెడితే రేటు పడుతది. వాళ్లు ఆట ఎక్కువ పెడితే రేటెట్ల పెరుగుతది?"

నేను నవ్వేసి ఊరుకున్నాను. నిజానికి నా దగ్గర జవాబు లేదు. హైదరాబాద్ తిరిగొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. ఆలోచిస్తే అందులో రెండు ప్రశ్నలున్నాయని తెలిసింది. ఒకటి లెక్కల ప్రశ్న: లీగులో జట్లు పెంచితే ప్రసార హక్కుల విలువ పెరుగుతుందా? రెండోది కొంచెం ఇబ్బంది పెట్టేది: పెరిగినా తగ్గినా, ఆ విలువ అసలు ఎవరిది? ఎంత పెంచాలి, ఎక్కడ ఆపాలి అని చెప్పే హక్కు ఎవరికుండాలి?

* * *

ముందు లెక్క చూద్దాం. ప్రో కబడ్డీ 2014లో 8 జట్లతో, 60 మ్యాచులతో మొదలైంది. 2015లో స్టార్ ఇండియా ఆ లీగు నడిపే మశాల్ స్పోర్ట్స్‌లో 74 శాతం వాటా కొంది. 2017లో గుజరాత్, హర్యానా, తమిళనాడు, ఉత్తరప్రదేశ్ జట్లు వచ్చి 12 అయ్యాయి. ఆ ఏడు 138 మ్యాచులు, పదమూడు వారాల సీజన్. అంటే జట్లు ఒకటిన్నర రెట్లయితే మ్యాచులు రెండింతలు దాటాయి. 2021లో ఐదేళ్ల ప్రసార హక్కులకి వేలం పెడితే 900 కోట్ల రిజర్వు ధర మీద స్టార్ 908 కోట్లకి దక్కించుకుంది. లీగులో పెద్ద వాటాదారు, హక్కులు కొన్నది ఒకే సంస్థ. ఏడాదికి 181 కోట్ల చిల్లర, సీజన్‌కి 137 మ్యాచులు వేసుకుంటే ఒక్కో మ్యాచ్ విలువ కోటీ ముప్పై లక్షల చుట్టుపక్కల. రిజర్వు ధర మీద పైకి పోయింది 8 కోట్లే. పోటీకి ఎవరూ గట్టిగా రాలేదన్నమాట.

ఇప్పుడు ఐపీఎల్ చూడండి. 2018-22 హక్కులు 16,347.5 కోట్లకి పోయాయి. సీజన్‌కి 60 మ్యాచుల లెక్కన మ్యాచుకి దాదాపు 54.5 కోట్లు. 2021లో లక్నో, అహ్మదాబాద్ జట్లని అమ్మారు, 2022 నుంచి లీగు 10 జట్లయింది. అదే ఏడాది జూన్‌లో 2023-27 హక్కుల వేలం జరిగితే మొత్తం 48,390 కోట్లు పలికింది. ఐదేళ్లకి 410 మ్యాచుల లెక్క మీద మ్యాచుకి 118 కోట్లు. జట్లు పెరిగాయి, మ్యాచులు పెరిగాయి, మ్యాచ్ రేటు కూడా రెండింతలు దాటింది. పెద్దబాపు పసుపు సూత్రం ఇక్కడ తలకిందులైనట్టు కనిపిస్తుంది.

కానీ మా ఆఫీసులో ఎవడైనా రెండు మార్పులు ఒకే రిలీజ్‌లో పెట్టి, "చూశారా, నా ఫీచర్ వల్లే ట్రాఫిక్ పెరిగింది" అంటే ఎవరూ ఒప్పుకోరు. ఆ వేలంలో జట్లు పెరగటం ఒక్కటే కాదు, ఇంకో రెండు మార్పులున్నాయి. మొదటిది, టీవీ హక్కుల్నీ డిజిటల్ హక్కుల్నీ విడగొట్టి విడివిడిగా వేలం వేశారు. రెండోది, బరిలో పోటాపోటీగా ఇద్దరు పెద్దవాళ్లున్నారు: డిస్నీ స్టార్, రిలయన్స్ వెనకున్న వయాకామ్18. టీవీ ఒకళ్లకి, దేశంలో డిజిటల్ ఇంకొకళ్లకి పోయింది. ధర పెంచింది పది జట్లు కాదు, ఇద్దరు పాటగాళ్లు. 2024 నవంబరులో ఆ ఇద్దరూ కలిసిపోయి జియోస్టార్ అయ్యారు. వచ్చే వేలంలో జట్లు పన్నెండున్నా పద్నాలుగున్నా, ఇటు పాడేవాడు ఒక్కడే ఉంటే ఆ ధర రావటం కష్టం.

దీనికి బాధాకరమైన రుజువు మనకి దగ్గర్లోనే ఉంది. ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ కూడా 2014లో 8 జట్లతో మొదలైంది. పెరుగుతూ పెరుగుతూ 2024కి 13 జట్లయింది. 2025 చివర్లో వాణిజ్య హక్కులకి టెండరు పిలిస్తే ఒక్క బిడ్ కూడా రాలేదు. 2022 మార్చిలో కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ మూడేళ్లు తిరక్కుండానే ఆర్థిక ఇబ్బందుల్లో పడి, చివరికి ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెర్సీ వేసుకుని అరిచిన నా స్నేహితులిద్దరు ఇప్పుడు ఆ జెర్సీల్ని ఇంట్లో తుడుచుకునే గుడ్డలుగా కూడా వాడలేక బీరువాలో పెట్టుకున్నారు.

కాబట్టి లెక్కల ప్రశ్నకి జవాబు ఇది: విస్తరణ దానంతటది విలువని పెంచదు. కొత్త ఊరి జనం కొత్తగా చూడటం మొదలుపెడితే, కొనేవాళ్ల మధ్య పోటీ ఉంటే పెంచుతుంది. లేకపోతే ఉన్న చూపునే ఇంకా పల్చగా పరుస్తుంది. ప్రో కబడ్డీ వాళ్లకి కూడా ఇది తెలిసినట్టే ఉంది. 2025లో ఒక్కో జట్టుకి 22 లీగ్ మ్యాచుల్ని 18కి తగ్గించారు. అయినా పెద్దబాపుకి ఒడుస్తలేదు, అది వేరే సంగతి.

* * *

ఇక పసుపు. పెద్దబాపు పోలిక ఎక్కడ ఆగుతుందో చూడాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

2010లో పసుపు ధర రికార్డుకెక్కింది. ఆ ధర చూసి అందరూ విత్తనం కొమ్ముల కోసం ఎగబడ్డారు. జూన్‌లో పెడితే చేతికొచ్చేసరికి జనవరి, ఫిబ్రవరి. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టించాలి, అప్పుడు నిజామాబాద్ యార్డుకో సాంగ్లీకో తోలాలి. 2012 నాటికి ఆ రికార్డులో సగం ధర కూడా రాలేదు. ఎవరినీ తప్పు పట్టలేం. ధర బాగుంటే ఇంకో ఎకరం పెట్టడం ఏ ఒక్క రైతుకైనా తెలివైన పనే. అందరూ ఆ తెలివైన పని చేస్తే అందరూ మునుగుతారు.

లీగు యజమానికి ఈ బాధ లేదు. కబడ్డీ ఎవరైనా ఆడుకోవచ్చు, కానీ "ప్రో కబడ్డీ"లో పదమూడో జట్టు దిగాలంటే ఆ గేటు దగ్గర ఒకళ్లే ఉంటారు. పంట ఎంత వెయ్యాలో మొత్తం జిల్లాకి ఒక్కడే నిర్ణయించినట్టు. అందుకే విలువ ఎక్కడుందని అడిగితే, అది ఆటలో ఎంతుందో, 'ఇంక చాలు' అనగలిగే చోట కూడా అంతే ఉంది అనిపిస్తుంది.

ఇది మా వైపు వాళ్లకి చెప్పాల్సిన పని లేదు. ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లల్లో గ్రామాభివృద్ధి కమిటీలుంటాయి, అందరూ వీడీసీ అంటారు. చట్టంలో వాటికి చోటు లేదు, కానీ ఊళ్లో వాటి మాట నడుస్తుంది. చాలా ఊళ్లల్లో ఏడాదికోసారి బెల్టు షాపుకి వేలం పాట పెడతారు. పాడుకున్నవాడు తప్ప ఊళ్లో ఇంకొకడు మందు అమ్మకూడదు. కొన్నిచోట్ల కోడి మాంసానికీ ఇదే పద్ధతి. ఆ డబ్బుతో గుడి కడతారు, బోరు వేస్తారు, కమ్యూనిటీ హాలు కడతారు. కాదని అమ్మినవాడికి జరిమానా, మొండికేస్తే సాంఘిక బహిష్కరణ. పేపర్లలో కేసులు వస్తూనే ఉంటాయి.

చిన్నప్పుడు నాకు ఇది మామూలుగానే అనిపించేది. ఇప్పుడు చూస్తే ప్రసార హక్కుల వేలానికీ దీనికీ లోపలి ఎముకల గూడు ఒకటే. పాట పలికేది మందు సీసాకి కాదు, పక్కవాడు అమ్మకూడదన్న హామీకి. రెండో షాపుకి అనుమతిస్తే మొదటి పాట ధర పడిపోతుంది. మూడో షాపు పెట్టాలా వద్దా అన్నది కమిటీ చేతిలో ఉంటుంది. తాగేవాడి జేబులోంచి వచ్చిన డబ్బు, తాగేవాడి ఇంటావిడ కన్నీళ్లతో వచ్చిన డబ్బు, కానీ ఆ ఇంటావిడ కమిటీలో లేదు.

పోలిక మరీ కటువుగా ఉందంటారా? కబడ్డీ చూస్తే కాలేయం చెడదు, నిజమే. నేను చెప్పేది హాని గురించి కాదు. ఒక హక్కుని వేలం వేసినప్పుడు దాని విలువని తయారుచేసేవాళ్లు ఒకళ్లు, 'ఇంత చాలు' అనో 'ఇంకా కావాలి' అనో నిర్ణయించేవాళ్లు ఇంకొకళ్లు. ఆ నిర్మాణం గురించి.

* * *

విలువని తయారుచేసేది ఎవరు? ఆర్థికశాస్త్రవేత్త వాల్టర్ నీల్ 1964లో ఒక వ్యాసం రాశాడు. మామూలు వ్యాపారికి పోటీదారు లేకపోతే పండగ. బాక్సర్ జో లూయీకి మాత్రం మ్యాక్స్ ష్మెలింగ్ లేకపోతే ఆదాయమే లేదు. ఆటలో ప్రత్యర్థి నీ సరుకు తయారీలో భాగస్వామి. ఒక జట్టు ఎంత గొప్పదైనా ఒంటరిగా మ్యాచుని తయారుచెయ్యలేదు.

ఈ వెలుగులో నా తెలుగు టైటాన్స్‌ని చూస్తాను. 2021-22లో మొదలుపెట్టి వరసగా మూడు సీజన్లు ఆఖరి స్థానం. ఆ మూడు సీజన్లలోనూ సీజన్‌కి 22 మ్యాచులు ఆడారు. ఇక్కడ కింది లీగుకి పడిపోవటం అనేది లేదు కాబట్టి, ఆశ పోయాక కూడా ఆట నడుస్తుంది. ఆ ఓడిపోయే రాత్రులు కూడా ఆ 181 కోట్లలో భాగమే. గెలిచినవాడి సరుకులో ఓడినవాడి శ్రమ ఉంది. ఓడినవాడిని చూస్తూ కూర్చున్న నాలాంటివాడి గంటన్నర కూడా ఉంది. జట్లు పెంచినకొద్దీ ఇలా అర్థం లేకుండా మిగిలే రాత్రులు పెరుగుతాయి. హక్కుల లెక్కలో ఆ రాత్రికీ ఫైనల్ రాత్రికీ తేడా సగటులో కలిసిపోతుంది. చూసేవాడికి కలవదు.

దీనికి గట్టి ఎదురు వాదన ఉంది. రాబర్ట్ నోజిక్ 1974 నాటి పుస్తకంలో బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ చాంబర్లెయిన్‌ని ఉదాహరణగా తీసుకున్నాడు. అతని ఆట చూడటానికి జనం ఇష్టపడి టికెట్ మీద పావు డాలరు అదనంగా ఒక డబ్బాలో వేస్తారు. సీజన్ అయ్యేసరికి అతను ధనవంతుడవుతాడు. ఇష్టపడి ఇచ్చిన దాంట్లో అన్యాయమేముంది అని నోజిక్ ప్రశ్న. చిన్నప్పుడు మాకు చెప్పే "నీకు నచ్చకపోతే టీవీ కట్టెయ్" అన్న మాటకి ఇది తాత్విక రూపం.

నాకు ఇందులో రెండు చోట్ల చిక్కు కనిపిస్తుంది. ఒకటి, ఇక్కడ ఆ డబ్బా ముందు నిలబడి నాణెం వేసేది నేను కాదు. నా చూపుని ముందే లెక్కగట్టి ఒకరు అమ్మారు, ఇంకొకరు కొన్నారు. నా కళ్లు ఆ ఒప్పందంలో సరుకు, పార్టీ కాదు. రెండోది, డబ్బాలో పడ్డది చాంబర్లెయిన్‌కి చేరింది. ఐపీఎల్‌లో చేరుతోందా? 2025కి ఒక్కో జట్టు ఆటగాళ్ల వేలం పర్సు 120 కోట్లు, పది జట్లకి కలిపి 1,200 కోట్లు. మ్యాచుకి 118 కోట్ల చొప్పున 74 మ్యాచుల ప్రసార డబ్బు ఒక్కటే 8,700 కోట్లు దాటుతుంది. ఆటగాళ్ల పర్సు అందులో ఏడో వంతు దాకా. మ్యాచుకి 7.5 లక్షల ఫీజు కలిపినా పెద్ద తేడా రాదు. అమెరికా ఎన్‌బీఏలో ఆటగాళ్లకి ఆట ఆదాయంలో దాదాపు సగం వస్తుంది. అక్కడి యజమానులు మంచివాళ్లని కాదు. అక్కడ ఆటగాళ్లకి సంఘం ఉంది. 'మేం ఆడం' అనగలరు. 2011లో సీజన్ కొంత పోయింది కూడా. ఇక్కడ ఆడేవాళ్లకి అలాంటి సంఘం లేదు.

మళ్లీ అదే మాట దగ్గరికొచ్చాం. వద్దు అనగలిగినవాడికే వాటా.

* * *

ఇంతవరకూ చదివి, ఇతను విస్తరణకి వ్యతిరేకి అనుకుంటారేమో. కాదు. 2017లో నాలుగు జట్లు రాకపోతే, జట్టుకి 18 మందే అనుకున్నా, డెబ్బై రెండు మందికి ఆ బతుకు దొరికేది కాదు. మట్టి కోర్టులో మోకాళ్లు చీరుకుని ఆడి, రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం తప్ప ఇంకో ఆశ లేని పిల్లలు వాళ్లు. ఆ పిల్లల్లో ఒకడి ముందు నిలబడి "విస్తరణ వల్ల మ్యాచ్ సగటు విలువ పల్చనవుతుంది తమ్మీ" అని చెప్పే ధైర్యం నాకు లేదు. ఉన్నవాళ్లే బాగుండాలని గేటు మూసేసే లీగు కూడా వీడీసీ లాంటిదే.

ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌లో ఇప్పుడు జరుగుతున్నది ఈ చిక్కుని బాగా చూపిస్తుంది. అక్కడి ఎన్‌ఆర్‌ఎల్‌లో 2023లో పదిహేడో జట్టు డాల్ఫిన్స్ వచ్చింది. 2027లో పెర్త్ నుంచి బేర్స్, 2028లో పపువా న్యూ గినీ నుంచి ఇంకో జట్టు రావాలని నిర్ణయించారు. ఇప్పటి ప్రసార ఒప్పందం 2027తో ముగుస్తుంది కాబట్టి ఈ తేదీలు ఊరికే పడినవి కావు. పెర్త్ లెక్క గడియారం లెక్క. సిడ్నీ కన్నా పెర్త్ టైము రెండు మూడు గంటలు వెనక. అక్కడ సాయంత్రం ఆడే మ్యాచ్ సిడ్నీ టీవీలో పొద్దుపోయాక వస్తుంది, అంటే అమ్ముకోవటానికి ఇంకో స్లాట్. పపువా న్యూ గినీ లెక్క వేరు. అది రగ్బీ లీగ్ జాతీయ క్రీడగా ఉన్న దేశం, జనానికి ఆ ఆటంటే ప్రాణం, కానీ పేద దేశం. ప్రకటనల మార్కెట్ చిన్నది. కొత్త జట్టుకీ అక్కడి ఆట అభివృద్ధికీ ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లకి 60 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు పెడుతోంది. పసిఫిక్‌లో చైనా పలుకుబడి పెరగకూడదన్న రాజకీయం దాని వెనకుందని అందరికీ తెలుసు.

కళ్లు ఎక్కువున్న చోట జేబు చిన్నది, జేబు పెద్దదున్న చోట కళ్లు తక్కువ. ప్రేమే కొలత అయితే పోర్ట్ మోర్స్‌బీకి జట్టు ఎప్పుడో రావాలి. అది వచ్చింది ప్రేమ వల్ల కాదు, రక్షణ విధానం వల్ల. అయినా 2028లో మొదటి మ్యాచ్ రోజున అక్కడ ఏడ్చే మనిషి కన్నీళ్లు అబద్ధమా? కాదు. తప్పుడు కారణంతో కూడా సరైన పని జరగొచ్చు. కాకపోతే ఆ కారణం పోయిన రోజున ఆ జట్టుని ఎవరు నిలబెడతారన్న ప్రశ్న మిగులుతుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానులకి దాని అర్థం తెలుసు. కొచ్చి టస్కర్స్ అభిమానులకి ఇంకా బాగా తెలుసు. 2010లో 33 కోట్ల డాలర్లకి పైగా పెట్టి కొన్న ఆ జట్టు 2011లో ఒక్క సీజన్ ఆడి రద్దయిపోయింది. మన డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు గెలిచింది, 2012లో లేకుండా పోయింది.

ఈ రెండిటి మధ్య నాకు దొరికిన కొలబద్ద చిన్నదే. జట్లు పెరగటం తప్పూ కాదు, ఒప్పూ కాదు. పెంచాక ఆ కొత్త ఊరికి, ఆ కొత్త ఆటగాడికి, తర్వాతి నిర్ణయంలో నోరు వస్తుందా లేదా? లక్నో, అహ్మదాబాద్ జట్ల అమ్మకంతో బోర్డుకి 12,715 కోట్లు ఒప్పుకున్నారు, సెంట్రల్ డబ్బులో జట్ల వాటా ఎనిమిదికి బదులు పదికి చీలింది. మ్యాచులు ఎన్ని, సీజన్ ఎంత, రెండు నెలల్లో ఎన్ని ఊళ్లు తిరగాలి అన్నది ఆడే ఒంటికి సంబంధించిన విషయం. 2025కి 84 మ్యాచులు అనుకుని 74 దగ్గరే ఆపారు. మంచిదే. కానీ అది పైవాళ్లు దయతలచి ఆపటం. 2023లో ఎన్‌ఆర్‌ఎల్ ఆటగాళ్ల సంఘం ఒప్పందం తేలేదాకా మ్యాచ్ రోజున మీడియాతో మాట్లాడటం మానేసింది. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. దయ ఏ ఏడాదైనా తిరిగి తీసుకోవచ్చు.

చూసేవాళ్లకి సంఘం లేదు. బహుశా ఉండదు కూడా. మా రైతులకీ లేదనే అంటారు. కానీ 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 178 మంది రైతులు నామినేషన్ వేసి బరిలో నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సొచ్చింది. గెలవటానికి కాదు, మేమున్నాం అని చెప్పటానికి. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌కి వచ్చింది. బోర్డుతో ధర దానంతటదే కుదురుకోదు. అయినా లెక్కలోకి రానివాళ్లు లెక్కలోకి రావటానికి అది ఒక దారి అని ఆ బూత్‌లో పొడుగ్గా పేర్చిన యూనిట్లు చూసినవాళ్లకి అర్థమైంది.

సంక్రాంతికి పెద్దబాపుకి ఫోన్ చేశాను. పసుపు తవ్వకం మొదలైందట, కూలీలు దొరకట్లేదట. మాటల్లో, ఆ రోజు ఆయన అడిగిన దానికి నేను తప్పు జవాబిచ్చానని చెప్పాను. టీములు పెంచితే రేటు పెరగదనీ, ఎన్ని టీములుండాలో ఒక్కళ్లే చెప్పగలిగితే రేటు నిలబడుతుందనీ, అంత పొడుగు కథా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"మరి వచ్చే ఏడు నువ్వు ఒక ఎకరం తగ్గిస్తవా?" అని సరదాగా అడిగాను.

"నేను తగ్గిస్తే పక్కోడు పెంచుతడు కొడకా," అన్నాడు. "అందరం ఒక్కసారి కూసోని మాట్లాడుకుంటె తగ్గిస్త. గట్ల కూసుండవెట్టేటోడు ఎవడన్న ఉన్నడా చెప్పు."